కాలిపోయాక లెక్క అడుగుతారు

స్టోర్ తాళాలు మీ దగ్గరుంటే, గోడౌన్ రిజిస్టర్‌లో మీ సంతకం ఉంటే, వెల్డింగ్ పర్మిట్ మీద మీ పేరు పడుతుంటే ఇది మీ కోసమే. మీరు ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అసిస్టెంట్ కావచ్చు, ఎడిటింగ్ సూట్‌లో డేటా చూసుకునే కుర్రాడు కావచ్చు, టీవీ చానల్ లైబ్రరీ ఇన్‌చార్జి కావచ్చు, స్టూడియో ఫెసిలిటీస్‌లో సూపర్‌వైజర్ కావచ్చు. కోట్ల విలువ చేసే నెగెటివ్‌లు, మాస్టర్ టేపులు, హార్డ్ డిస్కులు ఎప్పుడూ కంపెనీలో తక్కువ జీతం తీసుకునేవాళ్ల చేతిలోనే ఉంటాయి. అది రేపోమాపో మారుతుందని నేను చెప్పను. కానీ నిప్పంటుకున్న మర్నాడు మొదటి ఫోన్ వచ్చేది కూడా వాళ్లకే. ఏమేం పోయాయి, కాపీలు ఎక్కడున్నాయి, నిన్న రాత్రి అక్కడ ఎవరు పనిచేశారు అని అడుగుతారు. ఈ మూడింటికీ కాగితం మీద జవాబు ఉన్నవాడు ఉద్యోగంలో ఉంటాడు, లేనివాడు విచారణలో ఉంటాడు.

ఈ మూడు ప్రశ్నలూ ఒకే ప్రమాదంలో తలెత్తిన కేసు ఒకటుంది. లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సల్ స్టూడియోస్‌లో 2008 జూన్ 1న, ఆదివారం తెల్లవారుజామున జరిగింది. మన పనికి దగ్గరగా ఉంది కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

స్టూడియో వెనక బ్యాక్‌లాట్‌లో న్యూయార్క్ స్ట్రీట్ అని శాశ్వత సెట్ ఉండేది. ముందు గోడ మాత్రమే ఉండి, వెనక చెక్క ఫ్రేములు నిలబెట్టిన వీధి అది. ఆ రాత్రి కొందరు పనివాళ్లు ఒక సెట్ కప్పు మీద తారు షింగిల్స్ అతికిస్తున్నారు. వాటిని మెత్తబరచడానికి టార్చ్‌తో వేడిచేశారు. సుమారు మూడు గంటలకు పని ముగిసింది. రూల్ ప్రకారం ఇంకో గంట అక్కడే కాపలా ఉండి, ఏమీ కనిపించకపోవడంతో వెళ్లిపోయారు. 4:43 ప్రాంతంలో సెక్యూరిటీ గార్డు మంటలు చూశాడు. న్యూయార్క్ స్ట్రీట్‌లో చాలా భాగం, కింగ్ కాంగ్ రైడ్, దాని పక్కనే ఉన్న వీడియో వాల్ట్ కాలిపోయాయి. ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’లో గడియారం ఉన్న కోర్ట్‌హౌస్ స్క్వేర్ కొద్దిపాటి నష్టంతో బయటపడింది. వందల మంది ఫైర్ సిబ్బంది వచ్చారు. పైపుల్లో ప్రెషర్ సరిపోక లాట్‌లోని చెరువుల నుంచి నీళ్లు తోడుకోవలసి వచ్చింది. వాల్ట్‌ను అదుపులోకి తేవడానికి పన్నెండు గంటలు దాటింది.

ఈ కేసు నుంచి మొదట గుర్తుపెట్టుకోవలసింది, అక్కడ కాపలా రూల్‌ను ఎవరూ ఎగ్గొట్టలేదని. ప్రమాదం జరిగితే ఎవరో నిర్లక్ష్యం చేశారని అనుకోవడం మనకు అలవాటు. వాళ్లు గంటసేపు కాపలా కాశారు. టార్చ్, వెల్డింగ్, గ్రైండింగ్ లాంటి హాట్ వర్క్‌కు అమెరికాలో ప్రమాణంగా తీసుకునే ఎన్‌ఎఫ్‌పీఏ 51బీలో కనీస కాపలా చాలాకాలం అరగంటే. 2019 ఎడిషన్‌లో దాన్ని గంట చేశారు. అంటే తర్వాత పదకొండేళ్లకు వచ్చిన ప్రమాణాన్ని యూనివర్సల్‌లో 2008లోనే పాటించారు. అయినా సరిపోలేదు. చెక్క సందుల్లో, తారు పొర కింద, థర్మాకోల్ వెనక నిప్పు పొగ కూడా కనిపించకుండా గంటల తరబడి రాజుకుంటూ ఉండగలదు. సెట్ అంటేనే బయట గోడలా కనిపించి లోపల బోలుగా ఉండే కట్టడం.

రాత్రి పని, ఉదయం షిఫ్టు

ఇప్పుడు మన పరిస్థితికి వద్దాం. ఉదయం ఏడు గంటలకు కాల్ షీట్. హీరో డేట్లు రెండే రోజులు. రాత్రి పదకొండింటికి డైరెక్టర్ వచ్చి మెట్ల రెయిలింగ్ మార్చమంటాడు. ఆర్ట్ డైరెక్టర్ మేస్త్రికి ఫోన్ చేస్తాడు, మేస్త్రి వెల్డర్‌ను తెస్తాడు, మూడింటికి పని పూర్తవుతుంది. వెల్డర్ మిషన్ సర్దుకుని బండెక్కుతాడు. ఫ్లోర్‌లో మిగిలేది వాచ్‌మన్ ఒక్కడే. అక్కడ వెల్డింగ్ జరిగిందని అతనికి ఎవరూ చెప్పరు.

ఈ కథలో ఎక్కడ అడ్డుపడాలో ఆలోచించండి. డైరెక్టర్ దగ్గర అడ్డుపడితే లాభం లేదు. ఒకసారి వద్దంటారు, రెండోసారి మిమ్మల్ని తీసేస్తారు. అడ్డుపడాల్సింది చివర్లో, వెల్డర్ వెళ్లిపోయే దగ్గర. పర్మిట్ మీద పని మొదలైన టైము, ముగిసిన టైము, కాపలా ఎవరిది, కాపలా తర్వాత తిరిగి చూసేది ఎవరు అనే నాలుగు గడులు ఉండాలి. నాలుగో గడి మన దగ్గర చాలా పర్మిట్లలో ఉండదు. గంట కాపలా ముగిశాక కూడా సెక్యూరిటీ రౌండ్‌లో ఆ చోటును మరో మూడు గంటలపాటు చూడాలని, ఎక్కడ వేడి తగిలిందో చాక్‌తో గీసి చూపించాలని రాయండి. వాచ్‌మన్ చేత సంతకం పెట్టించుకోండి. అతను చదవలేకపోతే చూపించి చెప్పండి, పక్కనున్నవాళ్ల చేత సాక్షి సంతకం పెట్టించండి. వాచ్‌మన్‌కు నంబర్లు ఇవ్వండి: 101, మీది, మీ పైవాళ్లది. అర్ధరాత్రి తప్పుడు అలారానికి ఫోన్ చేస్తే తిట్టబోమని ముందే చెప్పండి. తిడతారన్న భయంతో ఆలస్యమయ్యే ఫోన్లు చాలా ఉంటాయి.

వీలైతే వేడి పనిని సాయంత్రం ఆరింటికి ముగించి, మిగతా పెయింట్, డ్రెస్సింగ్ పనులు రాత్రికి పెట్టుకోండి. మనుషులు ఫ్లోర్‌లో తిరుగుతూ ఉంటారు, పొగ వస్తే ముక్కే చెబుతుంది. ఆర్ట్ డైరెక్టర్‌తో ‘సేఫ్టీ’ అని మొదలుపెట్టకండి. ‘సర్, వెల్డింగ్ ముందు తీసేస్తే పెయింట్ ఆరడానికి టైము దొరుకుతుంది’ అనండి. ఎవరి భాషలో వాళ్లకు చెప్పడం లౌక్యమేమీ కాదు, మన పనిలో అదీ భాగమే.

స్టూడియో మంటల చరిత్ర చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో పైన్‌వుడ్ స్టూడియోలోని 007 స్టేజ్ రెండుసార్లు కాలిపోయింది. 1984లో ‘లెజెండ్’ సినిమా జరుగుతుండగా, మధ్యాహ్న భోజన విరామంలో. 2006లో ‘కసీనో రాయల్’ షూటింగ్ అయ్యాక, సెట్ విప్పుతుండగా. ముంబై చెంబూరులోని ఆర్‌కే స్టూడియోలో 2017 సెప్టెంబర్ 16న టీవీ డాన్స్ షో సెట్ అంటుకున్నప్పుడు కూడా షూటింగ్ లేదు. అందరూ ఫ్లోర్ మీద ఉండగా జాగ్రత్త తీసుకోవడం అందరికీ తెలుసు. భోజనానికి లేచిన ఆ నలభై నిమిషాలు, ప్యాకప్ తర్వాత, సెట్ విప్పే రోజున ఫ్లోర్ ఎవరి చేతిలో ఉందో అడిగి చూడండి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. విప్పే పని మామూలుగా సబ్ కాంట్రాక్టర్‌కు వెళ్తుంది. అప్పటికి మీ యూనిట్ ఇంకో ఊళ్లో ఉంటుంది. ఆ పనికీ పర్మిట్ రాయండి, అప్పగింత కాగితం తీసుకోండి.

అన్నపూర్ణ స్టూడియోలో 2017 నవంబర్‌లో కాలిపోయింది ‘మనం’ సెట్. ఆ సినిమా 2014లో విడుదలైంది. అక్కినేని నాగేశ్వరరావు గారి ఆఖరి సినిమా కాబట్టి ఆ సెట్ పోవడం ఆ కుటుంబానికీ ప్రేక్షకులకూ మామూలు నష్టం కాదు. ఉద్యోగిగా మీరు గమనించాల్సింది వేరు. సినిమా వెళ్లిపోయినా నిలబడి ఉండే సెట్లు మన ఊళ్లో చాలా ఉన్నాయి. వాటిని వేరే షూటింగులకు అద్దెకిస్తారు, ఏడాదికోసారి పెయింట్ వేస్తారు. లోపలి వైరింగ్ మాత్రం మొదటి సినిమా నాటిదే ఉంటుంది. అలాంటి సెట్ మీ లిస్టులో ఉంటే దానికి మెయిన్ స్విచ్ విడిగా ఉందా, షూటింగ్ లేని రోజుల్లో కరెంటు కట్ చేసి ఉంటుందా చూడండి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వేరుచేయించండి. ఒక పూట పని.

ఇక మనుషుల సంగతి. మైసూరు ప్రీమియర్ స్టూడియోలో 1989 ఫిబ్రవరి 8న ‘ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్’ సెట్‌లో మంటలు లేచి 62 మంది చనిపోయారు. ఆ సీరియల్ దర్శకుడు, హీరో సంజయ్ ఖాన్ తీవ్రంగా కాలి నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. వదులు వైరింగ్, గాలి ఆడని ఫ్లోర్, గోడలకు గోనె సంచులు, పెద్ద లైట్ల వేడి కారణాలుగా చెప్పారు. జూనియర్ ఆర్టిస్టుల సంఖ్య పెరిగిన రోజు మీరు ఒక్క పని చేయండి: షాట్‌కు ముందు రెండో తలుపు దాకా మీరే నడిచి, తెరిచి చూడండి. తలుపుకు అడ్డంగా జనరేటర్ కేబుల్ డ్రమ్మో, ప్రాపర్టీ పెట్టెలో ఉంటాయి. ఎప్పుడూ ఉంటాయి. షాట్ ఆపి మరీ తీయించండి. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరి మూడ్ చూసుకోనక్కర్లేదు.

సరుకు ఒకరిది, గోడౌన్ ఇంకొకరిది

మళ్లీ యూనివర్సల్‌కు వద్దాం. కాలిపోయిన వాల్ట్ సినిమా స్టూడియోది. అందులో ఒక మూల అద్దెకుంటున్నది యూనివర్సల్ మ్యూజిక్ గ్రూప్. పేరు ఒకటే గానీ 2004 నుంచి అవి వేర్వేరు కంపెనీలు. స్టూడియో జనరల్ ఎలక్ట్రిక్ చేతికి వెళ్లింది, సంగీతం వివెండి దగ్గరే ఉండిపోయింది. టేపులు మాత్రం కదల్లేదు. దశాబ్దాల సంగీతపు ఒరిజినల్ మాస్టర్ టేపులు ఇప్పుడు పరాయి కంపెనీ గోడౌన్‌లో, ఒక థీమ్ పార్క్ రైడ్ పక్కన, చెక్క సెట్లకు దగ్గరలో ఉన్నాయన్నమాట. తర్వాత మ్యూజిక్ కంపెనీ స్టూడియో కంపెనీ మీద దావా వేసింది. చివరికి రాజీ పడ్డారు.

కంపెనీలు విడిపోయినప్పుడు, ఆఫీసు మారినప్పుడు, ల్యాబ్ మూతపడినప్పుడు సరుకు ఎక్కడిదక్కడే మిగిలిపోవడం మనకు కొత్తేమీ కాదు. తెలుగు సినిమా హైదరాబాదుకు వచ్చేసినా పాత సినిమాల నెగెటివ్‌లు చాలాకాలం మద్రాసు ల్యాబుల్లోనే ఉండిపోయాయి. నిర్మాత పోయాడు, ఆయన కొడుకు వేరే వ్యాపారంలో ఉన్నాడు, హక్కులు నాలుగు చేతులు మారాయి, ల్యాబ్ అద్దె బాకీ ఉంది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అందరికీ కొంత సంబంధం ఉంటుంది, బాధ్యత ఎవరికీ ఉండదు. మీరు ల్యాబ్ వైపు ఉద్యోగి అయితే ఏడాదికోసారి యజమానులందరికీ రిజిస్టర్డ్ పోస్టులో లిస్టు పంపండి: ‘మీ సరుకు ఇది, మా దగ్గర ఉంది, ఈ స్థితిలో ఉంది, ఇన్సూరెన్స్ మీదే.’ నిర్మాణ సంస్థ వైపు ఉద్యోగి అయితే ఆ లిస్టు మీరే అడిగి తెప్పించుకోండి. జవాబు రాకపోతే అది కూడా ఒక జవాబే, ఫైల్లో పెట్టండి.

ఇన్సూరెన్స్ మాట వచ్చింది కాబట్టి పాలసీ కాగితం తీసి మినహాయింపుల పేజీ చదవండి. మన దేశంలో స్టాండర్డ్ ఫైర్ పాలసీలో మాన్యుస్క్రిప్టులు, ప్లాన్లు, డ్రాయింగులు, కంప్యూటర్ రికార్డులు, కళాఖండాలు, ఇతరుల కోసం నమ్మకంగా ఉంచుకున్న సరుకు విడిగా రాయించుకుంటే తప్ప కవర్ కావు. స్టూడియో ఆర్కైవ్ అంటే దాదాపు ఈ లిస్టే. ‘పాలసీ ఉంది సర్’ అని మీ ఫైనాన్స్ మేనేజర్ చెప్పేది నిజమే, కానీ అది బిల్డింగుకూ ఏసీలకూ ఉంటుంది. పైగా ఇన్సూర్ చేసిన మొత్తం అసలు విలువ కంటే తక్కువైతే క్లెయిమ్‌ను అదే నిష్పత్తిలో కోస్తారు. విలువ కోటి ఉన్న సరుకును పాతిక లక్షలకు రాయించి, అందులో పాతిక లక్షల సరుకు కాలిపోతే, చేతికి పాతిక లక్షలు రావు, ఆరు లక్షల పాతిక వేల దగ్గర ఆగుతుంది. ఈ లెక్క ఫైనాన్స్‌కు తెలుసు. అడిగేవాడు లేక ఊరుకుంటారు. మీరు అడగండి.

లిస్టు లేకపోవడమే పెద్ద నష్టం

సంగీతం వైపు నష్టం ఎంతో 2008లో బయటి ప్రపంచానికి తెలియలేదు. స్టూడియో పెద్దలు వాల్ట్‌లోని ప్రతిదానికీ వేరేచోట కాపీలు ఉన్నాయన్నారు. సంగీతం గురించి పెద్దగా వార్తే కాలేదు. పదకొండేళ్ల తర్వాత, 2019 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్ ఒక పెద్ద కథనం వేసింది. మ్యూజిక్ కంపెనీ 2009 నాటి అంతర్గత పత్రంలో పోయిన వస్తువుల సంఖ్య 1,18,230 అని ఉందని బయటపెట్టింది. ఆర్టిస్టులు కోర్టుకెక్కారు. కంపెనీ ఆ సంఖ్యను, కథనాన్ని తప్పుబట్టింది. ఆ తర్వాత కోర్టు పత్రాల్లో 19 మంది ఆర్టిస్టుల మెటీరియల్‌కు నష్టం జరిగిందని తానే చెప్పింది. 2020లో ఆ దావా కొట్టేశారు. అసలు నష్టం ఈ రెండు లెక్కల మధ్య ఎక్కడుందో నేటికీ పబ్లిక్‌గా తేలలేదు.

ఇందులో తప్పెవరిదన్నది మన ప్రశ్న కాదు. ఇన్సూరెన్స్‌కూ, దావాకూ నష్టం పెద్దదిగా చూపించాలి. ప్రెస్‌కూ, ఆర్టిస్టులకూ చిన్నదిగా చూపించాలి. ఏ కంపెనీకైనా ఈ రెండు ఒత్తిళ్లూ ఒకేసారి వస్తాయి, రెండూ కింద లిస్టు తయారుచేసే ఉద్యోగి మీదే పడతాయి. ‘ప్రెస్‌కు వేరే నంబర్ ఇద్దాం’ అని ఎవరైనా అంటే, లిస్టు ఒక్కటే ఉంటుందని, ఎవరికి ఎంత చెప్పాలన్నది పైవాళ్ల ఇష్టమని, తన సంతకం మాత్రం ఆ ఒక్క లిస్టు మీదే ఉంటుందని చెప్పేయాలి. గొంతు పెంచకుండా, మెయిల్‌లో.

ఆ కంపెనీ పోయిన మాస్టర్లకు ప్రత్యామ్నాయాలు వెతకడానికి ప్రపంచమంతా ఒక ప్రాజెక్టు నడిపింది. అంటే ముందు ఏం పోయిందో తెలుసుకోవడానికి, తర్వాత కాపీ ఎక్కడైనా ఉందేమో తెలుసుకోవడానికి మనుషులు, డబ్బు, కాలం ఖర్చయ్యాయి. సౌండ్‌గార్డెన్ బ్యాండ్‌కు తమ ‘బ్యాడ్‌మోటర్‌ఫింగర్’ ఆల్బమ్ మాస్టర్ పోయిందని తెలిసింది ఏళ్ల తర్వాత, రీమాస్టర్ పని పెట్టుకున్నప్పుడు. వస్తువు పోవడం ఒక నష్టం. పోయిందని తెలియకపోవడం ఇంకో నష్టం. రెండోది పూర్తిగా మన చేతిలో ఉంది.

లిస్టు ఎలా ఉండాలి? ‘డబ్బా 14, టేపులు’ అని రాస్తే లిస్టు కాదు. డబ్బాలో ఒక్కో వస్తువుకు ఒక వరుస ఉండాలి: పేరు, ఏ రకం (కెమెరా నెగెటివా, ఇంటర్‌నెగెటివా, ప్రింటా, ఒరిజినల్ డిస్కా, కాపీయా), యజమాని ఎవరు, ఇంకో కాపీ ఉందా, ఉంటే ఏ బిల్డింగులో, చివరిసారి తెరిచి చూసిన తేదీ. ఆఖరి రెండు కాలమ్‌లు నింపడం కష్టం, కానీ లిస్టు విలువంతా అక్కడే ఉంది. పదివేల వస్తువులున్నచోట అంతా ఒకేసారి చేయలేరు. మీ పైవాళ్లు దానికి మనుషుల్ని ఇవ్వరు కూడా. కాబట్టి ముందు రెండో కాపీ లేనివి ఏరండి. మొత్తం వస్తువుల్లో అవి తక్కువే ఉంటాయి. వాటికి ఎర్ర స్టిక్కర్ వేసి, తలుపుకు దగ్గరి రాక్‌లోకి మార్చండి. ఫైర్ సిబ్బంది లోపలికి వెళ్లే ముందు మీరు వాళ్లకు ఒక్క వాక్యమే చెప్పగలరు. ‘ఎడమ వైపు ఎర్ర స్టిక్కర్ రాక్’ అన్నది వాళ్లకు అర్థమయ్యే వాక్యం.

ఆ లిస్టు ఆ గదిలో ఉండకూడదు. నవ్వొచ్చే సలహాలా ఉంది గానీ, రిజిస్టరు సరుకుతోపాటే బీరువాలో పెట్టి తాళం వేసే చోట్లు కోకొల్లలు.

రెండో కాపీ కూడా అంతే. ఒకే బిల్డింగులో మూడో అంతస్తులో ఒరిజినల్, రెండో అంతస్తులో బ్యాకప్ ఉంటే మంట దృష్టిలో రెండూ ఒకటే. ఆర్‌కే స్టూడియోలో పోయిన వాటిలో పాత సినిమాల కాస్ట్యూములు, జ్ఞాపక వస్తువులు ఉన్నాయి. మంట మొదలైంది పక్కన టీవీ షో సెట్‌లో. వస్తువుకు కాపీ తీయలేం, నిజమే. కానీ దాన్ని లైట్లు, వైర్లు, ప్లైవుడ్ ఉన్న కాంపౌండ్ నుంచి వేరేచోటికి మార్చగలం. డిజిటల్ ఫుటేజ్‌కు మాత్రం సాకు లేదు. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే ఊళ్లో అన్నది అందరికీ తెలిసిన రూలే. తెలిసి చేయకపోవడానికి కారణం టేపు ఖర్చు కాదు, ‘ఈ నెల రిలీజ్, తర్వాత చూద్దాం’ అన్న మాట. రిలీజ్ తర్వాత ఆ ప్రాజెక్టుకు బడ్జెట్ కోడ్ మూసేస్తారు. కాబట్టి టేపుల ఖర్చును పోస్ట్ ప్రొడక్షన్ ఎస్టిమేట్‌లోనే, మొదటి రోజునే వేయండి. ఎల్‌టీఓ టేపు తీసుకుంటే ఏ డ్రైవ్ చదవగలదో కూడా రాయండి. ఎల్‌టీఓ-8 డ్రైవ్ ఏడో తరం టేపును చదువుతుంది, ఆరోదాన్ని చదవదు. డ్రైవ్ లేని టేపు కాలకపోయినా పోయినట్టే.

పాత నైట్రేట్ ఫిల్మ్ మీ దగ్గర ఒక్క డబ్బా ఉన్నా దాని దారి వేరు. 1950ల మొదటిదాకా వాడిన ఆ ఫిల్మ్ మండేటప్పుడు ఆక్సిజన్‌ను తనే పుట్టించుకుంటుంది, నీళ్లలో ముంచినా ఆరదు. 1937లో న్యూజెర్సీలో ఫాక్స్ కంపెనీ వాల్ట్ వేసవి వేడికి అలాగే అంటుకుని మూకీ సినిమాలు అనేకం పోయాయి. 2003 జనవరిలో పుణెలో కాలిపోయిన మన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ సరుకూ నైట్రేటే. అలాంటి డబ్బా దొరికితే తెరవకండి, ఏసీ గదిలో మిగతా ఫిల్మ్‌తో కలిపి పెట్టకండి. మీ బాస్‌కు చెప్పి నిపుణులను పిలిపించండి.

మెయిల్ ఎలా రాయాలి

రిస్క్ తెలిసి ఊరుకున్నవాడికి, తెలిసి నోటితో చెప్పినవాడికి విచారణలో తేడా ఉండదు. రాసినవాడికే ఉంటుంది. అయితే బెదిరింపులా రాస్తే మీరు సమస్య అవుతారు. సారం ఇలా ఉండాలి: ‘సర్, బి బ్లాక్ స్టోర్‌లో ఫలానా సినిమా ఒరిజినల్ డిస్కులు 14 ఉన్నాయి. వేరే కాపీ లేదు. వెనక గోడకు ఆనుకుని జనరేటర్ గది ఉంది. రెండో కాపీకి అయ్యే ఖర్చు కొటేషన్ జతచేశాను. ఆమోదించమని, లేదంటే ప్రస్తుతానికి ఇలాగే కొనసాగించమని తెలియజేయమని కోరుతున్నాను.’ వస్తువు, చోటు, ప్రమాదం, ఖర్చు, రెండు దారులు. ఆఖరి మాట ముఖ్యం. రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోవలసి వచ్చినప్పుడు బాస్ కూడా ఆలోచిస్తాడు, ఎందుకంటే ‘ఇలాగే కొనసాగించండి’ అని రాతపూర్వకంగా ఇవ్వడం ఎవరికీ ఇష్టం ఉండదు. జవాబు రాకపోతే పదిహేను రోజులకు అదే మెయిల్ మీద ఒక్క లైన్ గుర్తుచేయండి. మూడోసారి రాయకండి. నెలవారీ రివ్యూ షీట్‌లో ఒక ఐటమ్‌గా పెట్టేయండి, అక్కడి నుంచి ఎవరూ తీయలేరు.

నిప్పంటుకున్నాక చేయవలసినవి చాలా తక్కువ, కానీ తప్పు చేసే అవకాశం ఎక్కువ. ఫైర్ అధికారి అనుమతించే దాకా లోపలికి వెళ్లకండి, ఎవరు పంపినా సరే. ఇన్సూరెన్స్ సర్వేయర్ చూసేదాకా శిథిలాలు కదపకండి. కదపక తప్పదంటే ఫోటోలు, వీడియో తీసి కదపండి. తడిసిన ఫిల్మ్ రీళ్లను ఎండబెట్టాలని ఉత్సాహపడతారు, అక్కడే పోతాయి. చుట్టలోనే ఆరితే పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి. శుభ్రమైన చల్లటి నీళ్లలో ఉంచి వీలైనంత త్వరగా ల్యాబ్‌కు పంపండి. మసి పట్టిన, తడిసిన హార్డ్ డిస్కును ‘పనిచేస్తుందో లేదో’ అని కనెక్ట్ చేసి చూడకండి, రికవరీ చేసేవాళ్లకే ఇవ్వండి. పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ కొట్టిన డెక్కు, డ్రైవ్ కూడా అంతే. ఫైర్ సర్వీస్ రిపోర్ట్, పోలీసులకు ఇచ్చిన సమాచారం కాపీలు మొదటి రోజే అడిగి పెట్టుకోండి. క్లెయిమ్ వాటి మీదే నడుస్తుంది.

ఆ రోజు వాట్సాప్ గ్రూపులో ఏమీ ఊహించి రాయకండి. ‘షార్ట్ సర్క్యూట్ అనుకుంటా’ అని మీరు వేసిన మెసేజ్ రెండేళ్ల తర్వాత సర్వేయర్ ఫైల్లో కనిపిస్తుంది. మీరు స్వయంగా చూసినవి మాత్రం టైముతో సహా అదే రోజు ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి మీ మేనేజర్‌కు పంపండి. చూడనిది చూడలేదని రాయండి. ప్రెస్ వాళ్లు ఫోన్ చేస్తే కంపెనీ తరఫున మాట్లాడేవారి నంబర్ ఇచ్చి ఊరుకోండి.

ఇక ఉద్యోగం మారే సంగతి. మన లైన్లో రెండేళ్లకోసారి మారతారు, మంచిదే. వెళ్లేముందు నోటీసు పీరియడ్‌లో ఆఖరి వారం దాకా ఊరుకోకుండా, ముందే అప్పగింత మొదలుపెట్టండి. లిస్టు తాజా కాపీ, ఎర్ర స్టిక్కర్ వస్తువులు ఒక్కొక్కటి చూపించి టిక్ పెట్టించడం, పెండింగ్‌లో ఉన్న రిస్క్ మెయిళ్ల వివరాలు, తాళాలు ఎన్ని, ఎవరెవరి దగ్గర ఉన్నాయి అన్నది ఒక కాగితం మీద ఉండాలి. తీసుకునేవాడు ఇంకా జాయిన్ కాలేదంటే మేనేజర్‌కే అప్పగించి సంతకం తీసుకోండి. ‘టేబుల్ మీద పెట్టి వెళ్లు, చూసుకుంటాం’ అంటే పెట్టకండి. కొత్త కంపెనీలో చేరినప్పుడు కూడా ఇదే తిరగేసి చేయండి: మొదటి వారంలోనే పాత లిస్టు అడగండి, సరుకుతో సరిపోల్చండి, తేడాలు మీరు చేరిన తేదీతో రాసి పంపండి. మొదటి నెల దాటాక ఆ తేడాలన్నీ మీవే అవుతాయి.